ఎనిమిదో తొట్టిలో నికెల్

మొదటిరోజే ఇద్దరికీ చెడింది. ఇనుప సామానుకు నికెల్ పూత పూసే షెడ్డు వెనక, పరిశోధనకు వచ్చిన ఆమె ఎనిమిది తొట్లు పెట్టించి, సామాను కడిగిన నీళ్లు పోయించి, గుర్రపుడెక్క మొక్కలు వేసింది. సూపర్‌వైజరు వచ్చి చూశాడు.

“అందరూ పీకి పారేసేదాన్ని మీరు పెంచుతున్నారా మేడం?”

“నీళ్లలో నికెల్‌ని దీని వేళ్లు లాగేస్తాయి. చెయ్యి పెట్టకండి.”

అతను అప్పటికే పెట్టాడు.

ఎనిమిదో తొట్టిలో నీళ్లు అన్నిటికన్నా ఘాటైనవి. వారం తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. ఆ రోజు ఆమె టీ తాగలేదు. మర్నాటికి ఆకులు పచ్చగా ఉన్నాయి.

“చూశారా, కోలుకుంది,” అని నవ్వింది.

ఆ నవ్వు కోసం అతను వారం వారం, ఆమె రాకముందే, పాత మొక్కలు తీసి కాలువలోంచి కొత్తవి తెచ్చి వేశాడు.

రెండు నెలలయ్యాక ఎనిమిదో తొట్టి లెక్క తేలలేదు.

“నీళ్లలో నికెల్ తగ్గింది. మొక్కల్లో లేదు. ఎక్కడికి పోయినట్టు?” అంటూ ఆమె తొట్ల చుట్టూ తిరిగింది. వెనకే అతనూ తిరిగాడు.

“ఆవిరైపోయిందేమో.”

“నికెలా? ఎల్లుండి తనిఖీకి వస్తున్నారు. జవాబు చెప్పలేకపోతే తొట్లు ఎత్తేయమంటారు. నన్నూ వెళ్లిపొమ్మంటారు.”

అతను షెడ్డులోకి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. షెడ్డు యజమాని అతని మేనమామే.

“కాలుగాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు? ఏం పోయింది?”

“నికెల్ పోయింది మామయ్యా.”

“నికెల్ పోతే ఆ అమ్మాయి వెతుక్కుంటుంది. నీకేం పోయిందంట?”

అతను తిరిగి తొట్ల దగ్గరికి నడిచాడు.

“మేడం, మొక్కలు కోలుకోలేదు. నేనే మార్చాను.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “ఎన్నిసార్లు?”

“తొమ్మిది.”

“రెండు నెలల పని నీళ్లపాలు చేశారు. ఎందుకు?”

“ఆకు పసుపెక్కితే మీరు టీ కూడా ముట్టరు.”

ఆమె పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. “పాతవి ఎక్కడ పారేశారు?”

“పారేయలేదు. వాడిన మొక్క నేలమీద పడకూడదని మీరే అన్నారుగా.”

స్టోర్‌రూములో డ్రమ్ము మూత తీశాడు. తొమ్మిది సంచులు. ఒక్కోదానికి సామానుకు కట్టే చీటీ, చీటీ మీద తేదీ. ఆమె తొమ్మిదీ చదివింది.

మొక్కల్ని ఎండబెట్టి, పొడిచేసి పరీక్షకు పంపారు. మర్నాడు సాయంత్రం దాకా ఇద్దరూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. చివరికి ఫోన్ మోగింది. పోయిన నికెల్ దాదాపు అంతా సంచుల్లోనే ఉంది.

“మీరు మార్చకపోతే నీళ్లు ఇంత బాగుపడేవి కావు,” అంది. “ఇదంతా రిపోర్టులో రాయాలి. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు.”

“ఎవరు మార్చారో రాయండి.”

“ఎందుకు మార్చారో?”

అతను తొట్టిలోకి చూశాడు. “అది మామయ్య మీ ఇంటికొచ్చి చెబుతానంటున్నాడు.”

ఆమె చీటీలు దొంతిపెట్టి, అప్పటికే చల్లారిన టీ అందుకుంది.

“ఆదివారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు. మీరూ రండి. చేతులు కడుక్కుని.”