కప్పుకున్న ముంజేయి

పాలబండి వీధి మధ్యలో ఆగిపోయింది. నడిపే మనిషి తన ముంజేతివైపు చూసుకున్నాడు. చర్మం కింది పలక ఎర్రగా వెలుగుతోంది. తాళం బండికే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకరిద్దరు చెంబులతో వచ్చి తామే పాలు పట్టుకున్నారు. మిగతావాళ్ళ పలకలు అంత దూరం నడవడం దండగని చెప్పినట్టున్నాయి, గుమ్మాల్లోంచే వెనుదిరిగారు.

అండాళు చెంబు నింపుకుని లోపలికి వస్తూ భర్త చేతివైపు చూసింది. ఇంత ఎండల్లోనూ సత్తయ్య పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. ఎడమ మణికట్టు దగ్గర గుండీ పెట్టే ఉంది.

ఆమె చెంబు గడప దగ్గరే దించేసింది.

ఫలసూచి అని పేరు ఆ పలకకు. మనిషి చేసే పనిని గమనిస్తుంది. అలాంటి పనే చేసిన లక్షల మంది చివరికి ఏమయ్యారో పోల్చి చూస్తుంది. ఆకుపచ్చ వెలిగితే సాగించమని, ఎరుపు వెలిగితే విరమించమని. మొదట్లో పనికిమాలిన వ్యాపారాలు మాన్పించి మేలే చేసింది. తర్వాత కాపురాలను కూడా పోల్చడం మొదలుపెట్టింది. అండాళు చెల్లెలు మంజుల మొగుడు కొన్నాళ్ళు ఇలాగే చెయ్యి కప్పుకుని తిరిగాడు. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ లేచి, చెయ్యి కడుక్కుని, కాపురం రద్దు చేసుకునే విరమణ కేంద్రానికి పోయాడు. ఆ కంచం మంజుల సాయంత్రం దాకా తియ్యలేదు.

ఊళ్ళో పలక లేనిది అండాళు ఒక్కతికే. ఎవరు పోతారో ముందే తెలిస్తే తనకు ముద్ద దిగదని వేయించుకోలేదు. అయినా అందరి చేతులూ చూస్తూనే బతుకుతోంది.

మగ్గం మీద అచ్చు అతికే పని సగంలో ఉంది. పోగులను వరుసలో నిలిపే దువ్వెనలాంటిది అచ్చు. చీర నేత అయిపోయినా పాత పడుగు కొసలను అందులోనే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టాలి. ఆమె పోగు అందిస్తే అతను అతుకుతాడు. అత్తగారి కాలం నుంచీ ఆ అచ్చు ఖాళీగా ఉన్న రోజు లేదు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పోగు జారకుండా సత్తయ్య వేళ్ళకు బూడిద అద్దుకున్నాడు.

“పాలాయన పోయిండా?”

“పోయేటోళ్ళంతా పోతనే ఉన్నరు.” ఆమె పోగు అందించలేదు. “ఆ గుండీ ఎందుకు పెట్టినవ్?”

“చలి.”

“ఎండకాలంల చలా? మంజుల మొగునికి గూడ గిట్లనే చలి పెట్టింది.”

“నా మొకం కంటే గుండీనే ఎక్కువ చూస్తున్నవు గదే.”

“మాట మార్చకు.”

అప్పుడే కూతురు భార్గవి సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

“మళ్ళ కొలువు మానేసినవా?” అంది అండాళు.

“ఎరుపొచ్చిందమ్మా.”

“నీకు అన్నం తినేటప్పుడు తప్ప ఎప్పుడూ ఎరుపే. సరే, మీ నాయిన చెయ్యి జూడు. నాకు చూపిస్తలేడు.”

“ఎరుపుంటే ఉన్నదేమో. పోతనంటే పోనియ్యి, పట్టుకునుడెందుకు?”

ఎంత తేలిగ్గా అంది! అండాళు ఇక ఆగలేదు. ముందుకు వంగి ఆ మణికట్టు పట్టి గుంజింది. గుండీ తెగి బూడిదలో పడింది.

పలక ఎర్రగా లేదు. ఆకుపచ్చగానూ లేదు. తెల్లగా, పాలిపోయిన గోరులా ఉంది.

వెనక వీధి రంగుల కొట్టాయన పలక ఇలాగే తెల్లబడింది, వారం తిరక్కుండా ఆయన చనిపోయాడు. అప్పటినుంచి తెలుపంటే చావని ఊరంతా అనుకుంటోంది.

“నీకు తెలిస్తే అన్నం మానేస్తవని కప్పిన,” అన్నాడు సత్తయ్య. “విరమణ కేంద్రం ఏ దిక్కున్నదో గూడ నాకు తెల్వదు.”

భార్గవి సంచీ కింద పడేసి తండ్రి చెయ్యి పట్టుకుంది. పలక అంచు నొక్కి కారణం అడిగింది. “పోల్చడానికి మనుషులు లేరు,” అంది పలక. ఆమె మళ్ళీ అడిగింది. అదే జవాబు.

“ఇది చావు గాదు నాయినా,” అంది మెల్లగా. “ఎరుపొచ్చినా ఇన్నేండ్లు ఒక్క పనిల, ఒక్క మనిషితోని ఉన్నోళ్ళు ఎవ్వరూ మిగల్లేదంట. నిన్ను ఎవరితోని పోల్చాల్నో దానికి తెలుస్తలేదు. రంగుల కొట్టాయన గూడ చివరిదాక కొట్టు ఇడువలేదు గదా. ముసలితనంతోని పోయిండు.”

“మరి ఈయన ఉంటడా, పోతడా?”

“దానికి తెల్వదమ్మా.”

“ఇంకెవరికి తెలుస్తది?”

అండాళు భర్తవైపు తిరిగింది. “రేపుంటవా?”

“పని సగమన్న కాలేదు, ఏడికి పోత?”

“అయినంక?”

“అయినంక ఇంకో పడుగు.”

ఆమెకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా పోగు అందించింది.

కాసేపు చూసి భార్గవి కూడా వచ్చి తండ్రి పక్కన కూర్చుంది, వేళ్ళకు బూడిద అద్దుకుంది. మొదటి పోగు తెగింది. రెండోదీ తెగింది. ఆమె పలక భగ్గున ఎర్రబడింది. భార్గవి దానివైపు ఒకసారి చూసి, చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుంది.

చెయ్యి కప్పుకున్నవాళ్ళు ఏం చేస్తారో అండాళుకు తెలుసు. కూతురు ఎప్పుడు లేస్తుందోనని గుమ్మంవైపే చూస్తూ ఉండిపోయింది.

“అటేం చూస్తున్నవమ్మా?” అంది భార్గవి. “పోగియ్యి.”