పూల కవరు కప్పిన క్యాబినెట్

"ఆ ఫ్యాన్ ఒకసారి ఆపుతారా?"

షాపులోకి వచ్చిన ఏ గిరాకీ ఇంతవరకూ ఆమెను అడగని మాట అది.

కంప్యూటర్ క్యాబినెట్ కొనడానికి వచ్చేవాళ్లు లైట్లు చూస్తారు, అద్దం చూస్తారు, ఆఖరున ధర విని నిట్టూరుస్తారు. ఇతను సీలింగ్ ఫ్యాన్ ఆపించి, నడుస్తున్న క్యాబినెట్‌కి చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"ఏం వినబడుతోందండీ? గుండె కొట్టుకుంటోందా?"

"మీరు కూడా కాసేపు ఆగితే తెలుస్తుంది."

ఆమెకు ఒళ్లు మండింది. నాన్న మోకాళ్ల నొప్పులతో వెనక బల్ల దగ్గర రిపేర్లకే పరిమితమయ్యాక షాపు నడుపుతున్నది తనే. ఒకే ధర, ఒకే మాట. అందుకే బజారంతా ఆమెను 'ఒక్కమాట' అంటారు. ఆ ఒక్కటి కూడా వద్దన్నవాడు ఇతనే.

అతను కళ్లు తెరిచాడు. "ఏమీ అనుకోకండి. నేను పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. నాది నెమ్మది గొంతు. వెనకాల కంప్యూటర్ మోత పెడితే, కథలో అమ్మాయి ఏడుస్తుంటే పక్కన ఎవరో గురక పెడుతున్నట్టు ఉంటుంది."

నవ్వకూడదనుకుంది. నవ్వొచ్చేసింది. నవ్వితే బేరం చెడుతుందని వెంటనే ముఖం సర్దుకుంది.

"చప్పుడే రాకూడదంటే అన్ని వైపులా మూసేసి, లోపల ఫోమ్ అంటించిన పెట్టె కావాలి. అందులో వేడి లోపలే ఉండిపోతుంది. చల్లగా ఉండాలంటే ముందంతా జాలీ ఉండాలి. అందులోంచి మోత మొత్తం బయటికొస్తుంది. రెండూ నూటికి నూరు కావాలంటే ఎవరూ ఇవ్వలేరు. మధ్యలో ఎక్కడో బేరం కుదుర్చుకోవాలి."

"ఎవరితో?"

"గాలితో."

అతను ఆ మాటను నోట్లోనే ఓసారి పలికి చూసుకున్నాడు.

ఆమె పై అరలోంచి ఒకటి దించింది. ముందూ పక్కలూ మందంగా, ఫోమ్‌తో. లోపల పెద్ద ఫ్యాన్లు. వేడంతా పైనున్న జాలీలోంచి పోయే ఏర్పాటు. "పెద్ద ఫ్యాన్ తాపీగా తిరిగినా బోలెడు గాలి తోస్తుంది. చిన్నదైతే అదే పనికి కేకలు పెట్టాలి."

"వేడెక్కితే?"

"వెనక్కి తీసుకుంటాను. ఒక్క మాట."

వారం తిరక్కుండానే, వానలో, ఆ క్యాబినెట్‌ని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని వచ్చాడు. గొడుగు దానికి పట్టాడు, తను తడిశాడు.

"వేడెక్కుతోందండీ. ఓ గంట చదివేసరికి ఫ్యాన్లు పూనకం వచ్చినట్టు తిరుగుతున్నాయి. నిన్న ఏకంగా ఆగిపోయింది."

కౌంటర్ మీద పెట్టి, బరువైన పని అప్పగించి, సాయంత్రం దాకా నడిపించింది. చల్లగా, బుద్ధిగా నడిచింది. అతను స్టూలు మీద కూర్చుని, చదువుతున్న నవల కథ చెబుతూ ఉన్నాడు. ఆమె వినడం లేదన్నట్టు కేబుళ్లు చుడుతూ ఉంది. చుట్టిందే మళ్లీ చుట్టింది.

తర్వాత ఫ్యాన్లు మార్చింది. మళ్లీ వచ్చాడు. ముందు భాగంలో ఇంకాస్త గాలి ఆడే క్యాబినెట్ ఇచ్చింది. దాంతోనూ వచ్చాడు. షాపులో చల్లన, ఇంట్లో వేడి.

ఈలోపు ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. షాపు ఖాళీగా ఉన్నప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపేసి కూర్చోవడం. చూరు మీంచి జారే చినుకులు, నాన్న స్క్రూడ్రైవర్ గీరుడు, ఎక్కడో సైకిల్ బెల్లు... ఇన్నేళ్లూ ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయి? అతను చదివిన పుస్తకం ఒకటి ఫోన్లో పెట్టుకుని వింది. కథ ఏమైందో గుర్తులేదు. గొంతు మాత్రం ఎండలో ఆరేసిన దుప్పటిలా చాలాసేపు చుట్టుకునే ఉంది.

"అమ్మడూ, ఆ క్యాబినెట్‌లో లోపం ఉందంటావా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా."

"మరి ఎందుకొస్తున్నాడు?"

"వేడెక్కుతోందట."

"ఎవరికి?"

"నాన్నా!"

నాన్న తల వంచుకుని పనిలో పడ్డాడు. ఆమె మాత్రం లెక్కలో పడింది. లోపం దొరక్కపోతే షాపు మాట పోతుంది. దొరికితే ఆ మనిషి మళ్లీ రాడు. మంచి క్యాబినెట్ కొన్నవాడికి షాపుతో పనేముంటుంది? ఎటు తిప్పి చూసినా నష్టమే.

ఈసారి అతను క్యాబినెట్ లేకుండా వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"శనివారానికి నవల అప్పగించాలండీ. నాకు దొరికిన మొదటి పెద్ద పని. ఇలా ఆగిపోతుంటే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు."

అంతే, లెక్క తెగిపోయింది. "రేపు మీ ఇంటికి వస్తాను. గది చూడాలి."

ఆ మర్నాడు అతను ఎదురు రావడానికి బస్టాపుకు వెళ్లాడు. ఆమె ఆటోలో ఇంకో వైపు నుంచి వచ్చేసింది. తలుపు తీసింది అతని అమ్మమ్మ. ఆమెను చూడగానే గాభరాగా గదిలోకి నడిచింది. ఈమె కూడా వెంట వెళ్లింది.

గది మూల నాలుగు వైపులా బొంతలు వేలాడదీసి గుడారంలా చేసుకున్నాడు. అందులో గదికి వీపు పెట్టి కూర్చుని చదువుతాడన్నమాట. గుడారం బయట, ఆమెకు చూపించడానికి ఆన్ చేసి ఉంచిన క్యాబినెట్, దాని మీద పైనుంచి కిందిదాకా దూది కుట్టిన పూల కవరు. దాన్ని లాగేయబోయిన అమ్మమ్మ చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆమె కవరు ఎత్తింది. అరచెయ్యి చురుక్కుమంది.

"దుమ్ము పడుతుందని కప్పారా అమ్మమ్మగారూ?"

"మొదటి రోజు అందుకే కప్పానమ్మా. ఒట్టు."

"తర్వాత?"

ముసలావిడ మంచం అంచున కూర్చుంది. "వాడు గోడలతో మాట్లాడే పిల్లాడు తల్లీ. నాతో అనే మాటలు రెండే. అన్నం, నిద్ర. మీ షాపుకి వెళ్లొచ్చిన రోజు వంటింట్లోకొచ్చి, 'ఆ అమ్మాయి గాలితో బేరమాడుతుంది అమ్మమ్మా' అని పడీపడీ నవ్వాడు. నేను తెలియక కవరేశాను. అది ఆగిపోయింది. పరుగెత్తుకుని మీ దగ్గరికొచ్చాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆ తర్వాత... వాడు గుడారంలో దూరగానే కప్పేదాన్ని. బయటికొచ్చేలోపు తీసేసేదాన్ని. శనివారం సంగతి నాకు చెప్పలేదమ్మా వాడు. చెప్పుంటే ముట్టుకునేదాన్ని కాదు."

ఆమెకు కోపం రావాలి. ఎంత వెతికినా దొరకలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. అమ్మమ్మ కళ్లతోనే బతిమాలింది.

అతను రొప్పుతూ లోపలికొచ్చాడు. "దొరికిందా?"

"దొరికింది. వేడి పోయే దారి మూసుకుపోయింది. తెరిచాను. ఇక వేడెక్కదు."

"ఇక... ఎప్పటికీ?"

"ఒక్క మాట."

"మంచిదండీ," అన్నాడు. ఎన్నో పుస్తకాల్లో ఎందరి ఏడుపులనో పలికిన ఆ గొంతు, ఈ చిన్న అబద్ధాన్ని సరిగ్గా పలకలేకపోయింది.

క్యాబినెట్ నడుస్తూనే ఉంది. నడుస్తున్నట్టే లేదు. ముగ్గురూ అలాగే నిలబడి ఆ నిశ్శబ్దాన్ని విన్నారు. కిటికీ బయట ఆకుల మీంచి నీటి చుక్కలు ఒక్కొక్కటిగా రాలుతున్నాయి.

వెళ్లేటప్పుడు అమ్మమ్మ ఆ కవరు మడిచి ఆమె సంచిలో పెట్టింది. "ఇది ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు తల్లీ. నీ దగ్గరే ఉంచు."

శనివారం గడిచింది. ఆ పై వారమూ గడిచింది. నవల అందిందనీ, బాగుందన్నారనీ అతని నుంచి ఒక మెసేజ్ వచ్చింది. అతను రాలేదు. ఏమని వస్తాడు? సరుకు అంత బాగుంది మరి.

సాయంత్రం వాన మొదలైంది. ఆమె సంచిలోంచి పూల కవరు తీసి, షాపు కంప్యూటర్‌కి కప్పి, అంచులు చక్కగా సర్దింది. నాన్న కళ్లజోడు పైనుంచి చూసి, ఏమీ చూడనట్టు మళ్లీ తల దించుకున్నాడు.

ఫోన్ చేసింది.

"ఏమండీ, మా షాపు కంప్యూటర్ వేడెక్కుతోంది. ఎందుకో తెలియడం లేదు."

అటు నుంచి ఆ నెమ్మది గొంతు. "మా అమ్మమ్మ నిన్న అంతా చెప్పేసిందండీ. దాని మీద ఏదైనా కప్పి ఉందా?"

"ఉంది."

"పూలున్నాయా?"

"ఉన్నాయి."

"తీయకండి. వస్తున్నాను."

ఆమె లేచి సీలింగ్ ఫ్యాన్ ఆపేసింది. ఈసారి ఎవరూ అడగకుండానే. ఆ తర్వాత వానలో, వీధి చివర, గొడుగు కూడా మర్చిపోయి పరుగెత్తుకొస్తున్న అడుగులు స్పష్టంగా వినిపించాయి.