కొలతగదిలో మూడు చప్పుళ్ళు

కాస్త దగ్గరగా జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి, చోటు చేసుకుందాం. ఈ కథ గొంతు పెంచి చెప్పేది కాదు. ఆ పైవాణ్ణి ఒక్కసారి తలుచుకుని, చెవులు ఇటు పెట్టండి.

అదొక రేవుపట్నం. ఊరి నడుమ బజారు గోడకి ఇప్పటికీ మణికట్టంత లావు ఇనపకడియాలు వేలాడుతుంటాయి. జనం వాటికి సైకిళ్ళు కట్టుకుంటారు. ఒకప్పుడు ఓడలు కట్టిన కడియాలవి. అవును మరి, సముద్రం అక్కడిదాకా ఉండేది. నది మట్టి తెచ్చి పోసింది, మనిషి రాళ్ళు తెచ్చి పోశాడు... సముద్రం జరిగి జరిగి మైలు దూరం పోయింది. ఇప్పుడా అఖాతం పీతకొండిలా ఉంటుంది. రెండు కొండల మధ్య సన్నటి నోరు. ఆ నోటికి అడ్డంగా, నీళ్ళ కింద, ఇసకతిన్నె.

పాత రాతికట్ట చివర ఒక చిన్న గది ఉంది. కొలతగది అంటారు. నేలలోంచి సముద్రంలోకి దిగిన ఇనపగొట్టం, గొట్టంలో బోలు రాగిగుండు. నీరు పెరిగితే గుండు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. గుండుకి కట్టిన తీగ గోడమీద ముల్లుని తిప్పుతుంది. గంటగంటకీ ఆ ముల్లు చూసి పుస్తకంలో రాయాలి. ఓడని లోపలికి తెచ్చేవాళ్ళు ఆ అంకె అడిగి తెలుసుకుని, పటంలో ఉన్న లోతుకి కలుపుకుని, తిన్నె దాటిస్తారు.

కానీ చీకటి పడితే ఆ గదికి ఎవరూ పోరు.

నీళ్ళతాత అని ఒకాయన నలభయ్యేళ్ళు ఆ గదిలో మట్టం చూశాడు. ఓ తుఫాను రాత్రి చివరి అంకె రాసి, కుర్చీలోనే కన్నుమూశాడు. ఆ తర్వాత మొదలైంది... అర్ధరాత్రి గొట్టంలోంచి చప్పుడు. టక్... టక్... టక్. మూడే.

విన్నవాళ్ళు మళ్ళీ వెళ్ళలేదు. తాత తర్వాత ఆ పనికొచ్చిన గుమాస్తా తెల్లారి వెళ్ళి, ముల్లు ఎక్కడుంటే ఆ అంకె చుట్టుపక్కలే రాత్రి లెక్కంతా నింపేసేవాడు. రాత్రిపూట ఓడ వస్తే మాత్రం గది కిటికీలోంచి టార్చి వేసి, ముల్లు చూసి, పరుగో పరుగు.

ఈ కథ పటాలక్కది. రేవు ఆఫీసులో అఖాతం పటాలు గీసే ఆవిణ్ణి అందరూ అలాగే పిలిచేవారు. ఎండలో పడవేసుకుని, సీసపు గుండు కట్టిన తాడుతో తిన్నె మీద లోతు కొలిచి పటం గీసింది. గీసిన మూణ్ణెల్లకి ఒక ఓడ అడుగు ఇసకలో గీరుకుంది. మరో నెలకి ఇంకోటి.

“నీ తాడు సాగిపోయిందమ్మా,” అన్నాడు పెద్దాఫీసరు.

తాడు మార్చి మళ్ళీ కొలిచింది. అవే లోతులు. ఇంకోసారి కొలిచింది. అవే. నెత్తీనోరూ బాదుకుని చెప్పింది, పటంలో తప్పులేదని. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు. వినడం కూడా కాదు, తుడుచుకున్నాడు అంతే.

“మూడో ఓడ గీరుకుంటే నీ పటం చెత్తబుట్టకి. తెచ్చినవాడి లైసెన్సూ పోతుంది.”

ఆ తెచ్చేవాడెవరో కాదు... పటాలక్క సొంత తమ్ముడు. మర్నాడు తెల్లవారుజామున నూనెఓడ. వాడి వంతు.

పటం తప్పు కాకపోతే తప్పు మట్టం అంకెలోనే ఉండాలనుకుని, ఆ సాయంత్రం ఆవిడ గుమాస్తా దగ్గరికెళ్ళింది.

“రాత్రికి నేను కూర్చుంటా కొలతగదిలో. తాళం ఇవ్వు.”

“అక్కా, నాకిద్దరు పిల్లలు.”

“నిన్ను రమ్మన్నానా?”

“తాళం ఇచ్చినవాణ్ణి కూడా వదలదేమో అని...”

ఆవిడ చెయ్యి చాపింది. తాళం పడింది.

రాత్రి మూడింటికి రాతికట్ట మీద నడిచింది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో వాకీటాకీ. భయంకంటే కోపమే ఎక్కువుంది. మొదటి ఓడ గీరుకున్నప్పటినుంచీ మింగిన కోపం. పెదాలమీద భగవన్నామం, పళ్ళమధ్య పెద్దాఫీసరు.

తలుపు తీసింది. ఉప్పువాసన, తుప్పువాసన. ముల్లు మీద వెలుగు వేసింది.

తొమ్మిది అడుగులు.

ఓడ కోసం గుమాస్తా ఇందాక కిటికీలోంచి చూసి ఆఫీసుకి చెప్పిందీ తొమ్మిదే. ఇంకేముంది... వాడి అంకె సరైనదే. తన పటమే తప్పు. ఏడుపొచ్చింది, ఏడవడానికీ విసుగేసింది. పాత కుర్చీలో కూలబడింది.

అప్పుడు...

టక్.

గాలేమో అనుకుంది.

టక్... టక్.

గాలి కాదు. గొట్టం లోపల. తన మోకాలికి జానెడు దూరంలో.

చేతులు పక్క అర తడిమాయి, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. నీళ్ళతాత పుస్తకం దొరికింది. తెరిచింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి అంకె పక్కనా ఒకే మాట, నలభయ్యేళ్ళ పొడుగునా ఒకే మాట...

*తట్టి చదివాను. తట్టి చదివాను. తట్టి చదివాను.*

ఆ తర్వాతి పుస్తకాల్లో ఆ మాట ఎక్కడా లేదు. అంకెలు ఉన్నాయి. అంకెలే ఉన్నాయి.

పటాలక్క లేచింది. టార్చి వెనకభాగంతో గొట్టాన్ని తట్టింది. ఒకటి. రెండు. మూడు.

నిశ్శబ్దం...

ఒక్కసారిగా లోపల ఏదో ఊడిపడింది. తీగ గిర్రున తిరిగింది. ముల్లు ఎనిమిది దాటింది, ఏడు దాటింది... ఆరు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుంటున్నట్టు మెల్లగా ఊగింది.

ఆవిడ వాకీటాకీ నొక్కింది.

“తమ్ముడూ. మట్టం ఆరు.”

“తొమ్మిదన్నారే ఆఫీసులో. ఓడ కదిలిందక్కా.”

“ఆరురా. ఆపు.”

“పెద్దాఫీసరు నన్ను పచ్చిగా నమిలేస్తాడు.”

“నన్ను నమిలాక నీ దగ్గరికొస్తాడులే. ఆపు. నేను తట్టి చదివాను.”

ఆ మాట వాడికి అర్థం కాలేదు. అక్క గొంతు అర్థమైంది. ఓడ ఆగింది. తిన్నె మీదికి చిన్నపడవ పంపి తాడు దించారు. పటంలో ఎంత ఉందో, దానికి ఆరు కలిపితే ఎంతో, సరిగ్గా అంతే లోతు. వచ్చి ఉంటే ఓడ అడుగు ఇసకలో రెండడుగులు దిగబడేది. ఆ సన్నటి నోట్లో, అడ్డంగా.

పొద్దున్న గొట్టం విప్పారు. పైభాగమంతా గుల్లలు పట్టి ఇరుకైపోయింది. పోటు వచ్చినప్పుడు గుండు పైకెళ్ళి ఆ గుల్లల్లో ఇరుక్కుంటోంది. నీరు దిగినా గుండు దిగదు, ముల్లూ దిగదు. కిందికి దిగిన నీళ్ళలోంచి అల ఎగిసినప్పుడల్లా గుండు అడుగున తగిలి, టక్ టక్ టక్. గుండు అలా ఇరుక్కోకూడదనే తాత రోజూ తట్టేవాడు. అందరూ నవ్వుకున్నారు. అందరికంటే గట్టిగా గుమాస్తా నవ్వాడు. పెద్దాఫీసరు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

గుల్లలు గీకేశారు, నూనె రాశారు. గుండు వెన్నమీద జారినట్టు జారుతోంది. ఇంక చప్పుడు రావడానికి కారణమే లేదు కదా?

ఆ రాత్రి పటాలక్క మళ్ళీ వెళ్ళింది, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటి నిజమైన రాత్రి లెక్క రాయడానికి. రాత్రి రెండైంది. ముల్లు చూసింది. ఏడు. నిద్రమత్తులో, తట్టకుండానే కలం ఎత్తింది...

టక్. టక్. టక్.

గొట్టం లోపల కాదు. పైన. ఆవిడ చెయ్యి ఆనిన చోట.

కలం దించింది. ఖాళీ కుర్చీ వైపు చూడలేదు. “తప్పయింది తాతా,” అని, వేళ్ళతో మూడుసార్లు తట్టింది. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఏడు అని రాసి, పక్కన ఆ రెండు మాటలూ రాసింది.

అంతేనమ్మా. మిగతా అంతా మరిచిపోయినా ఈ ఒక్క పని గుర్తుంచుకోండి. మీరు చెప్పే అంకెని, మీరు చెప్పే మాటని నమ్మి ఎవరో చీకట్లో ఓడ నడుపుతుంటారు. చెప్పేముందు తట్టి చూడండి. ఏదీ, అందరూ కూర్చున్నచోటే నేలమీద మూడుసార్లు తట్టండి... ఆఁ, అలా. భగవంతుడు మీ చేతులు చల్లగా చూడాలి. రేపు ఏ పనిలో అయినా అలాగే చెయ్యండి. పక్కవాళ్ళ చేతా చేయించండి.