నాట్ కాన్ఫిగర్డ్

నవంబరు వస్తే మా నోయిడా ఆఫీసులో మధ్యాహ్నానికే చీకటి పడినట్టుంటుంది. అది చీకటి కాదు, పొగ. ఆ రోజు మరీ ఎక్కువగా ఉంది. స్కూళ్ళు మూసేశారు. ఆఫీసులో సగం మందిని ఇంటి నుంచే పని చెయ్యమన్నారు, మిగతా సగం లంచ్ అవగానే ఎవరి దారిన వాళ్ళు జారుకున్నారు. మా అంతస్తులో నేనొక్కణ్ణే మిగిలాను. అద్దాల అవతల ఎదుటి టవర్ కనిపించడం లేదు. ఏసీ గాలిలో కూడా కాలిన గడ్డి వాసన.

నా ఉద్యోగం గురించి చెబితే వినేవాళ్ళకి ఆవలింతలొస్తాయి. ఆఫీసు కంప్యూటర్లు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో చెప్పే రూల్స్ ఉంటాయి. వాటిని పాలసీలంటాం. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వాలా, పాస్‌వర్డ్ ఎన్నాళ్ళకి మార్చాలి, ఇలాంటివి. ప్రతి రూలూ ఎనేబుల్డ్ అయినా అయ్యుంటుంది, డిసేబుల్డ్ అయినా అయ్యుంటుంది. లేదా నాట్ కాన్ఫిగర్డ్. అంటే ఆ సంగతి ఎవరికీ పట్టలేదని. నెలకోసారి ఈ సెట్టింగ్‌లన్నిటి రిపోర్టు తెరిచి చూసి, సేవ్ చేసి ఆడిట్ వాళ్ళకివ్వాలి. ఆ సాయంత్రమే గడువు.

దానికి మా దగ్గరో పద్ధతుంది. ఒకరు పోయిన నెల రిపోర్టు పైకి చదవాలి. రెండోవాళ్ళు తెర మీద కొత్తది చూసి "ఉంది" అనాలి. చదివేది రేవతి గారు. నాకంటే సీనియర్, ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉంటారు. "ఉంది" అనేది నేను. ఏళ్ళ తరబడి అని అని తెర చూడటం మానేశాను. పురోహితుడు ఏది చదివినా పెళ్ళికొడుకు తలూపినట్టు, ఆవిడ చదవగానే నా నోరు దానంతటదే అనేస్తుంది. ఇక చివర్లో ఉండే నాట్ కాన్ఫిగర్డ్ పేజీలైతే ఇద్దరం ముట్టుకోం. ఎవరికీ పట్టనివాటిని మేమెందుకు చదవాలి?

ఆ రోజు ఆవిడ ఇంటి నుంచే కాల్‌లో ఉన్నారు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను కానీ మనసంతా ఇంటి దగ్గరే ఉంది. మా అమ్మాయి దీపుకి ఐదేళ్ళు. దీపావళి నుంచీ దానికి ఆయాసం. రాత్రంతా దగ్గుతుంది, మూతికి మాస్కు పెట్టి మందు పొగ పట్టిస్తే కాసేపు ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ ఉదయం పెదాలు కాస్త నీలంగా కనిపించాయి. "సాయంత్రం హాస్పిటల్‌కి తీసుకెళ్దాం, తొందరగా వచ్చెయ్యి" అంది నా భార్య ప్రణతి. "రిపోర్టు సేవ్ చేసి వచ్చేస్తా" అన్నాను. నిద్ర లేక ఇద్దరం మొద్దుబారిపోయాం. పిల్ల దగ్గుతుంటే నాకు ఏమీ అనిపించడం మానేసింది. అదే నాకు భయంగా ఉండేది.

"స్క్రీన్ లాక్, ఎనేబుల్డ్" అన్నారు రేవతి గారు.

"ఉంది."

"గెస్ట్ అకౌంట్, డిసేబుల్డ్."

"ఉంది."

అలా సాగుతోంది. బయట పొగ ఇంకా చిక్కబడింది. మనుషులు లేని అంతస్తులో కదలికని బట్టి వెలిగే లైట్లు ఒక్కొక్కటీ ఆరిపోతూ వచ్చాయి. నా నెత్తి మీదది మాత్రం మిగిలింది.

ఫోన్‌లో వాట్సాప్ మెరిసింది. రేవతి గారు. "సారీ నిరంజన్, ఇందాకట్నించీ కరెంటు లేదు. రాగానే కాల్ చేస్తా, అప్పుడు మొదలెడదాం."

మొదలెడదాం...?

"రిమోట్ లాగిన్, డిసేబుల్డ్" అంది చెవిలో గొంతు.

తెర మీద కాల్ లేదు. ఎప్పుడో తెగిపోయింది, అసలు మొదలవ్వనే లేదేమో. హెడ్‌ఫోన్ తీసెయ్యాలి. చెయ్యి లేవలేదు.

"రిమోట్ లాగిన్, డిసేబుల్డ్" అంది మళ్ళీ. రేవతి గారి గొంతే. కానీ ఆవిడ మధ్యమధ్య ఊపిరి తీసుకుంటారు. ఇది తీసుకోవడం లేదు.

"...ఉంది" అన్నాను.

"దీపు దగ్గు... డిసేబుల్డ్."

చాలా ఏళ్ళ తర్వాత తెర మీది రిపోర్టు చూశాను. ఆ లైను అక్కడుంది. మిగతావాటిలాగే, అదే అక్షరాల్లో.

గొంతు ఎదురుచూస్తోంది. ఏసీ ఆగిపోయింది.

"ఉంది" అన్నాను.

ఫోన్ మళ్ళీ మెరిసింది. ఈసారి ప్రణతి. "దగ్గు ఆగిపోయింది! ఉన్నట్టుండి ఆగిపోయింది."

ఆ మెసేజ్ రెండుసార్లు చదివాను.

"ఆపేద్దామా నిరంజన్?" గుసగుసగా అడిగింది గొంతు.

"వద్దు... చదవండి."

"దీపు ఆయాసం... డిసేబుల్డ్."

"ఉంది."

"రాత్రిపూట ఏడుపు... డిసేబుల్డ్."

"ఉంది."

"కింద ఇంకా ఉన్నాయి. నాట్ కాన్ఫిగర్డ్ పేజీలు. చూస్తావా?"

చూసుంటే బాగుండేది. కానీ ఎక్కువసేపు కూర్చుంటే ఇచ్చింది వెనక్కి తీసుకుంటుందేమోనని భయమేసింది. "అక్కర్లేదు" అని సేవ్ నొక్కాను. హెడ్‌ఫోన్‌లో చిన్నగా టక్‌మంది. అంతే. మళ్ళీ ఏసీ నడిచింది, లైట్లన్నీ వెలిగాయి.

క్యాబ్ పొగలో నత్తనడక నడిచింది. ప్రణతికి ఫోన్ చేస్తే రింగయి కట్టయింది, తర్వాత అసలు కలవనే లేదు. నెట్‌వర్క్ బాగోలేదనుకున్నాను. లిఫ్ట్ దిగి బెల్ కొట్టాను.

దీపు తలుపు తీసింది. బుగ్గలు ఎర్రగా, పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. పిల్లికూతల్లేవు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాను. అది ఒకడుగు వెనక్కి వేసింది.

"మమ్మీ, కోయీ అంకుల్ ఆయే హై." ఎవరో అంకుల్ వచ్చారట, బయటివాళ్ళ ముందు మాట్లాడినట్టు హిందీలో.

ప్రణతి వంటింట్లోంచి తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసింది. పద్ధతిగా, కొత్తవాళ్ళని చూసినట్టు.

"హా భయ్యా, కిస్‌సే మిల్నా హై?" ఎవరిని కలవాలని నన్ను అడుగుతోంది. నేను చూడకుండా వదిలేసిన ఆ నాట్ కాన్ఫిగర్డ్ పేజీల్లో నా పేరు కూడా ఉందేమో.

"ప్రణతీ..." అన్నాను. తన పేరు నాకెలా తెలిసిందా అని తను కంగారుపడింది. దీపుని వెనక్కి లాక్కుంది. నేను ఏడవాలి. ఏడుపు రాలేదు. పిల్ల హాయిగా గాలి పీలుస్తోంది, దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"తలుపు వేసెయ్యమ్మా, పొగ లోపలికొస్తోంది" అంది ప్రణతి.

దీపు తలుపు వేసింది. లోపల దాని కాళ్ళ చప్పుడు హాల్లోంచి పడగ్గది వైపు పరుగెత్తింది.

"నాన్నా!" అని పిలిచింది.

ఎవరో "ఆఁ, ఇదిగో వస్తున్నా తల్లీ" అన్నారు.