రేవు హోటల్లో ఎదురుగది తలుపు

మా వంశంలో దెయ్యానికి భయపడినవాడు ఒక్కడూ లేడు. ఏడు తరాలుగా లేడు. దెయ్యం ఉందన్న చోటికి మావాళ్లెవరూ వెళ్లకపోవడమే అందుకు ముఖ్య కారణం.

మొదట వెళ్లినవాణ్ని నేనే.

స్కార్‌విక్ దీవిలో రేవు హోటల్ సంగతి మా స్వీడన్ పడమటి తీరంలో తెలియనివాళ్లుండరు. నీళ్లలోకి దిగిన రాతిగోడ మీద తెల్లటి కొయ్య మేడ. ఒకప్పుడు గొప్పింటివాళ్లు సముద్రస్నానాలకి వచ్చేవారట. ఇప్పుడు పుట్టినరోజు విందులకి వస్తున్నారు. మేడమీది నడవాలో మాత్రం... ఒంటరిగా ఎవరూ ఎక్కువసేపు నిలబడరు.

అదెందుకో కౌంటరులో ఉండే మైకెన్ చెప్పింది, తాళంచెవి ఇస్తూ, గొంతు బాగా తగ్గించి. ఒక ఓడ కెప్టెన్ పెళ్లాన్ని ఇక్కడ దింపి సముద్రం మీదికి పోయి, మళ్లీ రాలేదట. ఆవిడ తలుపు వెనకే నిలబడి ఎదురుచూసిందట... ఇప్పటికీ చూస్తోందట. నడవాలో అలికిడైతే చాలు — ఆవిడ గది తలుపు వేలెడంత తెరుచుకుంటుంది. వచ్చింది తన మొగుడు కాదని తెలిశాక... మెల్లిగా మూసుకుంటుంది.

ఏ గది అని అడిగాను. మైకెన్ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అసలు దెయ్యాలతో పెట్టుకునే తీరిక నాకెక్కడిది? ఆ సాయంత్రం గున్వర్‌గారి ఎనభయ్యో పుట్టినరోజు. ఆవిడ, నేను ప్రేమించిన స్వేయాకి అమ్మమ్మ. ఆవిణ్ని నేనింకా చూడలేదు, నన్ను ఆవిడా చూడలేదు. ఆరింటికి కింద భోజనాల గదిలో నాకు పెళ్లిచూపులన్నమాట. ఆరంటే ఆరే. నాకు ముందు స్వేయా వెంట తిరిగినవాడొకడు కాఫీకి ఆలస్యంగా వచ్చాడని, ఆవిడ వాడి పేరు పలకడమే మానేసింది. 'ఆ పోయినాయన' అంటుంది. వాడు నిక్షేపంలా బతికే ఉన్నాడు.

"ఆలస్యం చేశావంటే నేను కూడా నిన్ను కాపాడలేను, టోర్కెల్," అని నాతో చెప్పి, బల్లల మీద పూలు సర్దడానికి స్వేయా కిందికి పోయింది.

నవంబరు. నాలుగింటికే చీకటి. కిటికీ కింద సముద్రం రాళ్లని నాకుతోంది. టై బిగించుకుని, ఆరుకి ముందే తలుపు దగ్గరికి వచ్చాను.

తలుపు ఓరగా తీసి, నడవాలో ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు గడప దాటాలి. మా దేశంలో ఈ విద్య పిల్లలకి పళ్లు తోముకోవడంతోపాటే వస్తుంది. ఎవరైనా ఎదురైతే పలకరించాలి కదా. పలకరిస్తే వాళ్లు బదులు చెప్పాలి. ఇద్దరికీ ఎందుకా హింస?

ఓరగా తీశాను.

ఎదురుగది తలుపు... వేలెడంత తెరిచి ఉంది.

చప్పున మూశాను. అటువైపు కూడా — టక్.

కాసేపు ఊపిరి బిగబట్టి, మళ్లీ తీశాను. అదీ తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను... గాజులా మెరుస్తూ... నా వంకే.

మూశాను. అదీ మూసుకుంది.

ఆ నడవాలో దీపం మనిషి కదిలితేనే వెలిగే రకం. ఎవరూ కదలడం లేదు గనక అదీ ఆరిపోయింది. ఇక చీకట్లో రెండు తలుపులు... మధ్యన ఒక తివాచీ. ఎవరిదో ఊపిరి వినబడుతోంది — నాదేనేమో.

గడియారం ఆరు కొట్టింది. కింద కుర్చీలు జరిగాయి. జేబులో ఫోను వణికింది. ఎక్కడ చచ్చావు, అందరూ కూర్చుంటున్నారు, అని స్వేయా. కిటికీలోంచి దిగిపోదామా అని చూశాను. కింద సముద్రం. ఈత వచ్చు గానీ, ఒంటి మీద ఇస్త్రీ బట్టలు.

అంతలో మెట్ల మీద అడుగులు... దీపం భగ్గుమంది. స్వేయా వచ్చి నా తలుపు కొట్టింది. తీశాను. నా మొహంలో నెత్తురుచుక్క లేదని తర్వాత చెప్పింది.

"వెనక్కి తిరగకు," అన్నాను గుసగుసగా. "నీ వెనక... తలుపు..."

అది తెరుచుకుంటోంది. వేలెడంత... జానెడంత... బార్లా. గడప మీద తెల్లటి లేసు గౌను. తెల్లటి జుట్టు.

స్వేయా తిరిగి చూసింది.

"అమ్మమ్మా? విందు నీది. ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?"

పుట్టి బుద్ధెరిగాక ఎక్కడికీ ఆలస్యంగా వెళ్లని గున్వర్‌గారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత మనవరాలి చెవిలో, నాకు వినబడేలా అన్నారు:

"ఎదురుగదిలో దెయ్యం ఉందే. నేను తలుపు తీసినప్పుడల్లా తొంగిచూస్తోంది."

ఆలస్యం ఇద్దరిదీ గనక ఆవిడ నన్నేమీ అనలేదు. పక్కనే కూర్చోబెట్టుకుని, తనకి రొయ్యలు ఒలిచిపెట్టమంది. నాకంటే ముందు ఆ భాగ్యం ఎవరికీ దక్కలేదట.

అప్పట్నుంచీ ఆ ఇంటిల్లిపాదీ నన్ను దెయ్యానికి జడిసిన అల్లుడంటారు. నవ్వి ఊరుకుంటాను. నిజం చెప్పడంకంటే అదే నయం.

నిజమేమిటంటే — రెండోసారి తీసినప్పుడే ఆ కంటికి కళ్లజోడు కనబడింది, దానికి వేలాడే గొలుసూ కనబడింది. అవతల ఉన్నది మనిషేనని నాకు తెలుసు. అందుకే గది కదల్లేదు. దెయ్యమైతే దర్జాగా వచ్చేసేవాణ్ని... దాన్ని పలకరించక్కర్లేదు కదా.