కొంగున కట్టిన చాబి

నాచారంలో ఫ్యాక్టరీల వెనక గల్లీలో, రేకుల షెడ్డు కింద ఆ వ్యాను ఏడాదిగా కదల్లేదు. టైర్లలో గాలి దిగింది. అద్దాల మీద దుమ్ము అట్టకట్టింది. వెంకటనర్సమ్మ రోజూ వాకిలి ఊడ్చేది గాని, వ్యాను కిందికి మాత్రం చీపురు పోనిచ్చేది కాదు.

ఆమె కొడుకు మహేశు పోయింది ఆ వ్యాను కిందే.

షిఫ్టు ఆడవాళ్లను ఫ్యాక్టరీలకు తిప్పేవాడు. రిపేరు కూడా తనే చేసుకునేవాడు. బండి కింద దూరే ముందు ఇంజను చాబి తీసి, గ్రీజు చేతులతోనే తల్లి కొంగుకు ముడేసేవాడు.

"నేను బయటికొచ్చేదాక ఎవ్వలికీ ఇయ్యకే అమ్మా."

"చీరంత మసి జేస్తివి గదరా!" అని తిట్టేది. వాడు నవ్వేవాడు.

ఆ రోజు ఇంజనును లేపే సెల్ఫ్ మోటారు తిరగలేదు. ఎప్పటిలాగే చాబి తల్లి కొంగుకు ముడేసి, కిందికి దూరి పానాతో తట్టాడు. ఉన్నట్టుండి తిరిగింది. గేరులో ఉన్న బండిని ఆ మోటారే ముందుకు ఈడ్చింది. చక్రం వాడి మీదికెక్కింది.

"చాబి ఎవ్వలికిచ్చినవే?" అన్నాడు మహేశు తండ్రి పోశయ్య, భార్యను చూసి. ఆమె ఎవరికీ ఇవ్వలేదు. చాబి తిప్పకుంటే బండెట్ల కదుల్తది అన్నారు గల్లీ వాళ్లు. వినగా వినగా ఆమెకే అనుమానం పట్టుకుంది. ఇచ్చానా? ఎవరికైనా ఇచ్చి మర్చిపోయానా? ఆ రోజు నుంచి పోశయ్య ఆమెను గుక్కెడు నీళ్లు కూడా అడగలేదు.

ఏడాది గడిచింది. తొంభై మూడు, కార్తీకం. ఉప్పల్‌లో బండ్ల కరెంటు పని చేసే పాండురంగ మధ్యాహ్నం లూనా మీద వచ్చాడు. "సెల్ఫ్ ఒక్కటే పోయుంటే బండి నేనే కొంటనక్కా" అన్నాడు. గేరు తీసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు.

"ఏం బావా, చాయ్ గూడ ఇప్పియ్యవా?"

పోశయ్య భార్యకు చెప్పలేదు. గిలాస పట్టుకుని తనే హోటలుకు పోయి తెచ్చాడు. పాండురంగ చాయ్ తాగి పనిలో పడ్డాడు.

లూనా మీద తెచ్చిన బ్యాటరీకి రెండో వైరు తగిలించాడో లేదో...

గర్ర్‌... గర్ర్‌... గర్ర్‌...

షెడ్డు రేకులు అదిరాయి. వైరు కాలిన వాసన. పాండురంగ ఎగిరి వైరు పీకేశాడు.

"చాబి ఎవ్వలు తిప్పిన్రు?"

"నా కొంగుల ఉన్నది" అంది నర్సమ్మ. ముడి చూపించింది.

పాండురంగ కిందికి దూరలేదు. ముందు మూత ఎత్తి పైనుంచే సెల్ఫ్ ఊడదీశాడు. గంటసేపు విప్పి, లోపలి ముక్కలు గోనె మీద పరిచాడు.

"సూడు బావా. గీ రాగి బిళ్లలు కాలి ఒకదానికొకటి అతుక్కున్నయి. సెల్ఫ్ పళ్లు గూడ ఇంజను చక్రంల ఇరికి ఎనకకు రాలే. గిట్లయితే చాబి తీస్కపోయి మూసీల పారేసినా ఇది ఆగదు. బ్యాటరీ వైరు పీకాలె. పిలగాడు గదే మర్చిండు."

పోశయ్య ఆ రాగి బిళ్లను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

"నర్సూ... జర నీళ్లియ్యవే."

ఆమె చెంబు తెచ్చింది. సగం నీళ్లు దారిలోనే ఒలికాయి.

వెంట తెచ్చిన కొత్త సెల్ఫ్ పైనుంచే బిగించేసరికి పొద్దు గూకింది. బిగించేటప్పుడు బ్యాటరీ ఊడదీసి, గడప పక్కన పెట్టాడు పాండురంగ. ఆరు గంటల సైరను కూసింది. అంతలోనే కరెంటు పోయింది. గల్లీ మొత్తం చీకటి.

"చాబి ఇయ్యక్కా. బ్యాటరీ పెట్టి సూసుకుంట."

ఆమె వేళ్లు కొంగు ముడి మీదికి పోయాయి.

తట్‌... తట్‌...

ఇనుము మీద ఇనుము. వ్యాను కింద నుంచి.

పాండురంగ పానా అతడి చేతిలోనే ఉంది.

"కింద ఎవ్వలు...?" అంటూ అతడు వెనక్కి జరిగాడు.

గ్రీజు వాసన వచ్చింది. దాంతోపాటే కొబ్బరినూనె వాసన. మహేశు తలకు ఆమె రోజూ రాసిన నూనె.

తట్‌...

గర్ర్‌... గర్ర్‌... గర్ర్‌...

బ్యాటరీ గడప పక్కనే ఉంది. దానికి ఒక్క వైరూ లేదు.

ఆ మోత నడుమ, మెల్లగా...

"అమ్మా... నేనింకా బయటికి రాలే."

చెంబు దొర్లిన చప్పుడు. పోశయ్య చీకట్లో తడుముకుంటూ వచ్చి భార్య చేతిని ముడి మీదే గట్టిగా పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు.

"ఇయ్యకే నర్సూ. ఎవ్వలికీ ఇయ్యకు."

మోత ఆగింది.

పాండురంగ బ్యాటరీ కూడా తీసుకోలేదు. లూనా గల్లీ చివర దాకా వినబడి, తర్వాత వినబడలేదు. కందిలి పట్టి చూస్తే వ్యాను కింద ఏడాది దుమ్ము. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

తెల్లారి ఆమె తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. చాబిని దేవుడి గూట్లో పెట్టింది. పగలంతా దాన్ని ముట్టలేదు. సాయంత్రం సైరను కూస్తుంటే పొయ్యి దగ్గర వంగింది. కొంగు బరువుగా వచ్చి మోకాలికి తగిలింది.

కొంగున ముడి ఉంది.

లేచి గూట్లో చూసింది. చాబి అక్కడే ఉంది.

ముడి మీద నాలుగు వేళ్ల గ్రీజు మరకలు. ఇంకా తడి ఆరలేదు.

ఈసారి ఆమె తిట్టలేదు. ముడిలో ఉన్నదేందో విప్పి చూడనూ లేదు.