గొట్టంలో పెరిగిన నీళ్ళు

సముద్రాన్ని కొలిచే ఉద్యోగం అంటే జనం ఏదేదో ఊహించుకుంటారు గానీ, నిజానికి అందులో ఉన్నది ఒక గది, ఒక గొట్టం, ఒక టేపు. అంతే. జెట్టీ చివర, నీళ్ళ మీద స్తంభాలెత్తి కట్టిన రేకుల గది. గది నేల మధ్యలోంచి అడుగు వెడల్పు ఇనుప గొట్టం నిటారుగా సముద్రంలోకి దిగుతుంది. దాని అడుగు మూసేసి, వేలు దూరేంత రంధ్రం మాత్రం వదిలారు. బయట అలలు ఎంత గంతులేసినా, ఆ రంధ్రంలోంచి లోపలికొచ్చిన నీళ్ళు బుద్ధిగా కదలకుండా నిలబడతాయి. ఆ నీటి మట్టాన్ని మిషను నిమిషానికోసారి రాసుకుంటుంది. మిషను సరిగ్గా రాస్తోందో లేదో చూడ్డానికి రోజుకు రెండుసార్లు మనిషి టేపు వేసి కొలవాలి. ఆ మనిషిని జెట్టీ మీద అందరూ కొలతలక్క అంటారు.

పందొమ్మిదేళ్ళ సర్వీసు ఆవిడది. చేరిన కొత్తలో కూర్చుని క్యారేజీ తిన్న మెట్టు ఇప్పుడు ప్రతి పోటుకీ మునుగుతోంది. "నా పీట కూడా లాగేసుకుందమ్మా ఈ సముద్రం, ఇక నన్ను రమ్మంటుందేమో" అని కూలీలతో నవ్వేది. ఆరు నెలల కిందటిదాకా నవ్వేది.

ఆవిడ తమ్ముడు డైవరు. గొట్టం అడుగున రంధ్రానికి గుల్లలు పట్టినప్పుడల్లా నీళ్ళలోకి దిగి గీకి వచ్చేది అతనే. నడుముకి తాడు, ఆ తాడు రెండో కొస అక్క చేతిలో. ఒక్కసారి లాగితే బాగానే ఉన్నానని. రెండుసార్లయితే ఇంకాస్త తాడు వదలమని. మూడుసార్లయితే పైకి లాగమని. మనిషి బంగారం, కానీ వట్టి చిలిపి. ఏమీ లేకపోయినా మూడుసార్లు లాగేవాడు. అక్క గుండెలు జారిపోయి తాడు లాగితే, తేలి, మాస్కు తీసి పకపకా నవ్వేవాడు. ఆ రోజు అప్పటికే రెండుసార్లు ఆడాడు ఆ ఆట. మూడోసారి తాడు కదిలినప్పుడు కొలతలక్క చేతిలో టీ గ్లాసు ఉంది. ఈసారి నేను పడనురా అనుకుంది. తాడు చేతికి చుట్టి ఉండగానే, చివరి గుక్కదాకా తాపీగా టీ తాగింది. అప్పుడు లాగింది. తాడొక్కటే వచ్చింది.

వారం రోజులు వెతికినా శవం దొరకలేదు. ఎంక్వయిరీలో అడిగితే "తాడు కదల్లేదు సార్" అంది. తమ్ముడి భార్యకీ అదే చెప్పింది. ఆ పిల్ల అప్పట్నుంచీ వదిన ఇంట్లోనే ఉంటోంది. రోజూ అన్నం దగ్గర ఒకటే ప్రశ్న. "ఒక్కసారి కూడా కదల్లేదా వదినా?" "లేదే తల్లీ, ఒట్టు." కొలతలక్కకి ఇక మిగిలింది ఈ మరదలొక్కతే. నిజం తెలిసిన రోజున ఈమె కూడా మిగలదని ఆవిడకి తెలుసు. అందుకే ఆ ఒట్టు అన్నంతో పాటు మింగేసేది.

ఇక ఆ తుఫాను రోజు సంగతి.

మధ్యాహ్నం నాలుగుకే దీపాలు పెట్టుకునేంత చీకటి. ఐదింటికల్లా జెట్టీ ఖాళీ చేయాలని మైకులో అరుస్తున్నారు. కూలీలు ఎప్పుడో సర్దుకుని పోయారు. కొలతలక్క మాత్రం పోవడానికి లేదు. నీళ్ళు ఎంత ఎత్తుకి లేస్తున్నాయో ఆవిడ చెబితేనే ఒడ్డున ఎన్ని వీధులు ఖాళీ చేయించాలో కంట్రోల్ రూముకి తెలిసేది. పైగా మిషను పొద్దుటినుంచీ తిక్కతిక్కగా ఉంది.

"మేడమ్, మీ మిషను ఒక మీటరు ఎక్కువ చూపిస్తోంది" అన్నాడు ఫోనులో కంట్రోల్ రూము ఆఫీసరు. "చేత్తో కొలిచి చెప్పండి, వెంటనే వచ్చేయండి."

"అలాగే సార్. దాని నాటకాలు నేను తేలుస్తా" అంది.

గొట్టం మూత తీసింది. గుప్పున వాసన కొట్టింది. ఎప్పుడూ వచ్చే నాచు వాసన కాదు. తడిసిన రబ్బరు వాసన... లోపల ఎవరో చాలాసేపు వేసుకుని విప్పిన రబ్బరు డైవింగు దుస్తుల వాసన. ముక్కు చిట్లించి టేపు వదిలింది. స్టీలు టేపు, కొసన ఇత్తడి గుండు. గుండుకి నీళ్ళు తగలగానే పైన టేపు చుట్టిన చక్రం పీ... అని కూస్తుంది.

బయటి కొలబద్ద ప్రకారం గొట్టం మూతికి రెండు మీటర్ల కింద ఉండాలి నీళ్ళు. మీటరు దగ్గరే కూసింది.

మళ్ళీ వేసింది. మళ్ళీ మీటరు దగ్గరే. మిషను నిజమే చెబుతోందన్నమాట. కొలతలక్క నుదురు ముడిపడింది. రంధ్రం మూసుకుపోతే, పోటు వేళ లోపలి నీళ్ళు వెనకబడాలి. ముందుకు రావు. బయట సముద్రం కంటే లోపల నీళ్ళు ఎత్తుగా ఉండాలంటే దారి ఒక్కటే. గొట్టంలో ఇంకేదో ఉండాలి. నీళ్ళని పక్కకి నెట్టి, ఆ చోటంతా అది నింపాలి.

అడుగు వెడల్పు గొట్టం. మనిషి భుజాలు పట్టవు. అడుగున రంధ్రంలో వేలు తప్ప ఏదీ దూరదు.

"ఛీ, నా పిచ్చి" అని పైకే అనుకుంది. ఆ మాట గొట్టంలోకి వెళ్ళింది. తిరిగి రాలేదు. పందొమ్మిదేళ్ళుగా ఆ గొట్టంలో ఏమన్నా తిరిగి పలికేది.

అప్పుడు టేపు కదిలింది.

ఒకసారి. మెల్లగా.

ప్రవాహం అనుకుంది. కానీ గొట్టంలో ప్రవాహం ఎక్కడిది?

రెండోసారి.

చాలు... ఇక చాలు... అక్కడితో ఆగిపో నాయనా...

మూడోసారి.

తలుపు ధడాలున తెరుచుకుంది. కొలతలక్క కెవ్వుమంది. చూస్తే మరదలు. గొడుగు విరిగి చేతికి వేలాడుతోంది, ఒళ్ళంతా ముద్దగా తడిసిపోయింది.

"నేనే వదినా! అంత హడలిపోయావేంటి? మైకులో అందర్నీ పొమ్మంటుంటే నువ్వింకా రాలేదని..." అంటూనే ఆగిపోయింది. ఆమె చూపు టేపు మీద పడింది. టేపు బిగిసి ఉంది. తీగలాగా వణుకుతోంది.

"ఏంటది?"

"ఏం లేదు. ఏదో చిక్కుకుంది. పద పోదాం."

మరదలు కదల్లేదు. చెయ్యి చాచి టేపు పట్టుకుంది. ఒకటి... రెండు... మూడు. ఆమె పెదాలు లెక్కపెట్టాయి. డైవరు భార్య. ఆ లెక్క ఆమెకెవరూ నేర్పక్కర్లేదు.

"మూడంటే పైకి లాగమని కదా వదినా?" గుసగుసగా అడిగింది.

కొలతలక్క చూపు తిప్పుకుంది.

"వదినా. నా మొహం చూడు. ఆ రోజు కూడా కదిలిందా?"

బయట అల వచ్చి స్తంభాన్ని గుద్దింది. గదంతా ఊగింది. ఆరు నెలలుగా దాచిన మాట అప్పుడు బయటికొచ్చింది. ధైర్యంతో కాదు, ఒట్టి భయంతో. "కదిలింది. మూడుసార్లు. ఆట అనుకున్నానే... టీ తాగుతూ కూర్చున్నాను... నేనే చంపుకున్నాను వాణ్ణి..."

మరదలు ఏడవలేదు. తిట్టలేదు. రెండు చేతులతో టేపు పట్టుకుని లాగడం మొదలెట్టింది.

వస్తోంది. బరువుగా... ఆగి ఆగి... వస్తోంది. చక్రం పీ... అని ఆపకుండా కూస్తోంది. కొలతలక్క టార్చి వేసి గొట్టంలోకి చూసింది. నల్లటి నీళ్ళు అంగుళం అంగుళం పైకొస్తున్నాయి. నీళ్ళ మీద బుడగలు. ఒక బుడగ... కాసేపు ఏమీ లేదు... మరో బుడగ. ఎవరో తాపీగా ఊపిరి వదులుతున్నారు.

"లాగు వదినా! నువ్వూ ఒక చెయ్యి వెయ్యి!"

వెయ్యలేదు. వెయ్యలేకపోయింది. మరదలి చేతుల్లోంచి టేపు గుంజేసి, చక్రంతో సహా గొట్టంలోకి విసిరేసింది. మూత వేసి బోల్టు తిప్పింది. ఆ పిల్ల జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చి తలుపుకి తాళం వేసింది. అప్పుడు టైము నాలుగూ నలభై. జెట్టీ పొడవునా పరిగెత్తుతుంటే వెనక మూత మీద ఏదో తగులుతున్న చప్పుడు వినిపించింది. లెక్కపెట్టకూడదనుకుంది. లెక్కపెట్టింది.

ఆ రాత్రంతా వదినామరదళ్ళు షెల్టరులో పక్కపక్కనే కూర్చున్నారు. మరదలు ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టవే, కొట్టవే, నీ కాళ్ళు పట్టుకుంటానే అని కొలతలక్క కుమిలి కుమిలి ఏడ్చింది. ఆ పిల్ల గోడకేసి చూస్తూ ఉండిపోయింది. దెయ్యం కంటే ఆ మౌనమే ఎక్కువ భయపెట్టింది కొలతలక్కని.

తెల్లారేసరికి తుఫాను తగ్గింది. ఎనిమిదింటికి కంట్రోల్ రూము ఆఫీసరు ఫోను చేశాడు.

"మేడమ్, మిషను లెక్కలు చూస్తున్నాను. ఐదూ ఐదుకి మీ గొట్టంలో మట్టం ఒక్క నిమిషంలో మీటరు పడిపోయింది. బకెట్లోంచి రాయి తీసేసినట్టు. అప్పుడు గొట్టంలోంచి ఏమన్నా బయటికి తీశారా?"

"మేం నాలుగూ నలభైకే తాళం వేసేశాం సార్."

"మరి..." అన్నాడాయన. "సరే, ఒకసారి వెళ్ళి చూడండి. ఇప్పుడు మట్టం మామూలుగానే ఉంది."

వెళ్ళనంటే వెళ్ళనని కూర్చుంది కొలతలక్క. మరదలే లేచింది. రాత్రినుంచీ మొదటి మాట. "పద వదినా."

జెట్టీ మీద విరిగిన చెక్కలు, చిరిగిన వలలు. ఎండ బాగానే కాస్తోంది. రేకుల గది చెక్కుచెదరకుండా ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. కొలతలక్క తాళం తీసి తలుపు తోసింది. రాలేదు. భుజంతో తోసింది. రాలేదు. సందులోంచి చూసింది.

లోపల గడియ వేసి ఉంది.

ఆ గదికి ఇంకో తలుపు లేదు. కిటికీ కూడా లేదు. కొలతలక్క మరదలి కొంగు పట్టి లాగింది. "పోదామే... నీకు దణ్ణం పెడతా... పోదాం..."

మరదలు చెదిరిన జుట్టు చేత్తో సరిచేసుకుంది. తలుపుకి మొహం ఆనించి, ఇంట్లో పిలిచినంత మెల్లగా అంది. "నేనే... తీయండి."

గడియ జరిగింది.

తలుపు జానెడు తెరుచుకుంది. లోపల చీకటి. రబ్బరు వాసన.

మరదలు లోపలికి వెళ్ళలేదు. పక్కకి తప్పుకుంది. కొలతలక్క వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి గట్టిగా ఉంది, వెచ్చగా ఉంది, వెనక్కి తీసేలా లేదు.

"ముందు నువ్వెళ్ళు వదినా."

ఆ జానెడు సందులో, గచ్చు మీద, తడి పాదం ఒకటి వెనక్కి జరిగి దారి ఇచ్చింది.